సున్నం గీత మీద రెండు బూట్లు

ఆ బకెట్ మీద మాత్రం కూర్చోకు నాయనా, ఆ స్టూలు లాక్కో. బకెట్ విరుగుతుందని కాదులే, నీలాంటి వాళ్ళు ముగ్గురు ఎక్కినా దానికేం కాదు. అది వెర్లిన్ స్ట్రౌడ్‌ది. నువ్వు మొన్న చేరిన ఉద్యోగమే ఆయన ఈ కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్ళు చేశాడు. బేస్‌బాల్ పిచర్లకి బంతి విసరడం నేర్పడం. ఆ బకెట్ నిండా బంతులు పోసి, మూత పెట్టి, దాని మీదే కూర్చునేవాడు. నీకు తోలు కుర్చీ ఇచ్చారట గదా, కానీ, కానీ. పిచర్ నిలబడి విసిరే దిబ్బ మీదికి కొత్త మట్టి కావాలన్నావు, పోస్తాలే. యాభై ఏళ్ళ పైనుంచి ఆ దిబ్బకి మట్టి పోసేదీ, గడ్డి కోసేదీ, సున్నం గీతలు గీసేదీ నేనే. ఏ మట్టో తర్వాత చెబుదువుగాని.

ఏదో మహానుభావుణ్ణి గురించి చెప్తాననుకునేవు, అంత లేదు. పొద్దస్తమానం పొగాకు నమిలి నా గడ్డి మీద ఉమ్మేవాడు. మూడో బేస్ పక్కన ఆయన కూర్చునే చోట గడ్డి మొలిచి ఎరగదు. ఏంటయ్యా ఇది, మనిషివా పశువ్వా అంటే, "ఎరువురా ఆర్విల్, ఊరికే వేస్తున్నా, దణ్ణం పెట్టుకో" అనేవాడు. పెళ్ళాం వర్నీస్ చర్చికి రమ్మని పోరితే, దేవుడు ఆదివారం మధ్యాహ్నం మన మైదానంలోనే ఉంటాడే, అక్కడే కలుసుకుంటాం అనేవాట్ట. ఆవిడే నాతో చెప్పి తిట్టుకునేది పాపం. ఇంక ఆ గుడ్ల గొడవ. కొత్తగా వచ్చిన ప్రతి పిచర్‌కీ ఒక పచ్చి కోడిగుడ్డు ఇచ్చేవాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా విసిరే చేత్తోనే పట్టుకు తిరగాలి. క్లాసుకీ అంతే, భోజనానికీ అంతే, పిల్లని చూడబోయినా అంతే. "బంతిని పిసకడం కాదురా, వేళ్ళ మీద కూర్చోబెట్టాలి" అనేవాడు. లోనీ ప్రూయెట్ అని ఒకడుండేవాడు, రైతు బిడ్డ, చెయ్యంటే అదీ చెయ్యి, వాడు గుడ్డు పట్టుకుని పోతుంటే కాలేజీ ప్రెసిడెంటుగారు ఎదురొచ్చి, భేష్ అబ్బాయ్ అని చెయ్యి చాచాడు. పెద్దాయన చెయ్యి చాస్తే ఇవ్వకపోతే ఎలా అని వీడు ఇచ్చేశాడు, గుడ్డుతో సహా. సొన మోచేతి దాకా కారింది. వెర్లిన్ ఏం చేశాడనుకున్నావ్? పగలగొట్టినందుకు మైదానం చుట్టూ పది రౌండ్లు కొట్టించాడు. ప్రెసిడెంటుగారిది గదా తప్పు అంటే, ఆయన్ని పరిగెత్తించడం నా చేతిలో లేదు అన్నాడు.

ఆ లోనీ గురించే, అక్కడికే వస్తున్నా. డెబ్భై నాలుగో సంవత్సరం. లీగ్‌లో ఆఖరి ఆట, ఆదివారం, ఊరు ఊరంతా ఇక్కడే. శుక్రవారం ఒక ఆట మొత్తం విసిరినవాణ్ణి ఆదివారం మళ్ళీ దిబ్బ ఎక్కించాడు హెడ్ కోచ్ హాకెట్. వాడు అంతే, గెలుపు కనిపిస్తే కళ్ళు మూసుకుపోయేవి. అంతకు ముందు ఏడాది డెల్బర్ట్ అనే పిల్లాణ్ణి అలాగే విసిరించాడు. డెల్బర్ట్ ఈ రోజుకీ తల ఎడంచేత్తో దువ్వుకుంటాడు. సరే, ఆఖరిది, తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక్క పరుగు మనదే ఎక్కువ. లోనీకి ఒక అలవాటుండేది, బంతి విసిరినప్పుడల్లా కుడిచేత్తో టోపీ అంచు సర్దుకునేవాడు. ఆ ఇన్నింగ్స్‌లో చెయ్యి టోపీ దాకా లేవడం లేదు, తలే కిందికి వంచుతున్నాడు చేతి దగ్గరికి. జనం ఎవరూ చూళ్ళేదు. బకెట్ మీద కూర్చున్నాయన చూశాడు. లేచి దిబ్బ దగ్గరికి వెళ్ళి అడిగాడు. బాగానే ఉంది కోచ్ అన్నాట్ట వాడు. ఇరవయ్యేళ్ళవాడు ఇంకేం చెప్తాడు? వెనక్కొచ్చి హాకెట్‌తో, వాణ్ణి దింపెయ్, మోచెయ్యి పోతుంది అన్నాడు. నేను ఇక్కడే, గేటు దగ్గరే ఉన్నా, విన్నా. హాకెట్ అటు తిరిగి కూడా చూళ్ళేదు. "వాడు దిగడు. నీకిష్టం లేకపోతే నువ్వు దిగు" అన్నాడు.

ఇంకో రెండు బంతులయ్యాయి. వెర్లిన్ లేచాడు, మళ్ళీ నడుచుకుంటూ దిబ్బ దగ్గరికి పోయాడు. ఒకే ఇన్నింగ్స్‌లో కోచ్ రెండోసారి పోతే ఆ పిచర్ని మార్చి తీరాలి. నీకు నేను చెప్పేదేముంది, పాలు తాగే పిల్లాడిక్కూడా తెలుసు. అంపైరు రెండు వేళ్ళు చూపించాడు. వెర్లిన్ నోరు తెరుచుకుని, అయ్యో, రెండా అన్నాడు. లోనీ దిగాల్సొచ్చింది, గ్లవ్ నేలకేసి కొట్టాడు. వాడి తర్వాత వచ్చినవాడు మూడు బంతుల్లో ఆట ఓడగొట్టాడు. ఇంక చూస్కో. కేఫ్‌లో ఆయన కాఫీ అడిగితే, ఒకటా రెండా, లెక్క తెలుసా నీకు అనేవాళ్ళు. మంగలి షాపులో పిల్లలు రెండు వేళ్ళు చూపించేవాళ్ళు. మరుసటి ఏడు హాకెట్ పెద్ద ఊరు వెళ్ళిపోయాడు. ఆ కుర్చీ వెర్లిన్‌దే అని అందరం అనుకున్నాం. కమిటీవాళ్ళు, రెండు దాకా లెక్కపెట్టలేనివాడికి జట్టెలా అప్పగిస్తామయ్యా అన్నారు. ఆయన పదేళ్ళుగా దాని కోసం చూస్తున్నాడు. వర్నీస్ ఫోటో దిగడానికని కొత్త కోటు కూడా కుట్టించింది. ఆ కోటు ఆయన తనని పాతిపెట్టిన రోజే వేసుకున్నాడు. మిగతా ఏళ్ళన్నీ అదిగో, ఆ బకెట్ మీదే.

నేనూ నవ్వాను. నేనూ చూపించాను రెండు వేళ్ళు. కాకపోతే నాకు తెలిసి చూపించాను, అదీ తేడా. ఆ రోజు ఆట అయ్యాక గీతలు ఊడుద్దామని వచ్చా. మీ బేస్‌బాల్ వాళ్ళు కీడని సున్నం గీత తొక్కరు గదా, నిన్న నువ్వూ గెంతావు, చూశాలే. వెర్లిన్ అంత బొజ్జేసుకుని కూడా గెంతేవాడు. అలాంటిది, మూడో బేస్ గీత మీద, నట్టనడుమ, రెండు బూట్ల గుర్తులు. పక్కపక్కన, జోడించి నిలబడ్డట్టు. మడమ దిగిపోయి ఉంది. లెక్క మరిచిపోయి పోయేవాడు గీత మీద ఆగి ఆలోచిస్తాడా? ఆయన బంతులు ఏరుకుంటున్నాడు. చూశాను వెర్లిన్ అన్నా. ఆయన ఇంకో బంతి ఏరి బకెట్లో వేశాడు. "నీ చేతిలో చీపురుంది గదా, ఊడ్చెయ్" అన్నాడు. లోనీకి చెప్పవయ్యా, నిన్ను తిడుతున్నాడు అన్నా. "నా మీద కోపం ఉంటే రేపు ఇంకా గట్టిగా విసురుతాడు. చెయ్యి పోబోయిందని తెలిస్తే భయపడి విసరడు. తిట్టనీ." ఊడ్చేశాను. అప్పుడు ఊడ్చింది ఊడ్చిందే, ఇన్నాళ్ళకి నీకు చెప్తున్నా. నువ్వు ఆ పని చేస్తున్నావు గాబట్టి.

ఆయన్ని పాతిపెట్టిన రోజు లోనీ వచ్చాడు, శవపెట్టె ముందర నిలబడి రెండు వేళ్ళు చూపించాడు. అందరూ నవ్వారు. వర్నీస్ కూడా నవ్వింది. చెప్పేద్దామని ఒకడుగు ముందుకేసి, మళ్ళీ వెనక్కొచ్చాను. అదిగో, వాడి ట్రక్కే అది. శనివారం శనివారం వస్తాడు, డెబ్భై దాటినా. నువ్వు నోరు మెదపకు.

రావోయ్ లోనీ, రా. ఈయనే కొత్త కోచ్. ఆఁ, ఆ ముసలాయన సంగతే చెప్తున్నా, రెండు దాకా లెక్క రానాయన. దించు, దించు ఆ వేళ్ళు, చూశాంలే. నువ్వు కూర్చో, ఆ బకెట్ ఇటు లాక్కుని కూర్చో. బరువయ్యా, నిండా బంతులున్నాయి, రెండు చేతులతో... సరే, కుడిచేత్తోనే ఎత్తేశావులే. ఆఁ. ఇప్పుడు చెప్పు నాయనా, దిబ్బకి ఏ మట్టి కావాలి, ఎర్రమట్టా?