వెన్నబావికి బదులు పలికిన హెరాల్డ్

ఈ థార్న్‌విక్‌లో సంత వీధి చివర, చర్చి గోడ వెనక వెన్నబావి ఉంది చూశారా, అటు ఇక్కడి తెల్లవాళ్ళే పోరు, మీరు మాత్రం ఇంగ్లండు వచ్చి నెల తిరక్కుండానే దాని పక్కన నిలబడి ఫొటోలు దిగొచ్చారు. ఏమనాలి మిమ్మల్ని? చీరాల నుంచి నర్సుగా వచ్చి ఈ ఊళ్ళోనే ముసలిదాన్నయ్యాను, నేను వద్దంటే వినరు, సరే, జరిగిందన్నా వినండి.

పూర్వం సంతరోజు పల్లెల్లోంచి ఆడవాళ్ళు వెన్న తెచ్చి, కరిగిపోకుండా బుట్టల్లో పెట్టి ఆ బావిలోకి దింపుకునేవాళ్ళట. హన్నా అనే ఆవిడ బుట్ట అందుకోబోయి లోపల పడింది, పడి కేకలేసింది, పైన బేరాల గోలలో ఎవరికి వినపడుద్ది? విన్నవాళ్ళు కూడా ఇంకెవరో చూస్తార్లే అనుకున్నారట, పాపం ఆవిడ అందులోనే పోయింది. తరవాత బావి ఎండిపోయింది, మూత బిగించారు, అయినా సంతరోజు లోపల్నుంచి ఎవరన్నా ఉన్నారా అని పిలుపొస్తది. ఊళ్ళో ఎవరూ పలకరు.

మా పక్కింటి హెరాల్డ్ పలికాడు. ఊరి మ్యూజియం చూసుకునే మనిషి, భార్య పోయాక ఒంటరివాడు. చూడొచ్చినవాళ్ళ కోసమని మూత తీయించాడు, వద్దయ్యా అంటే పాతకాలపు సొత్తు దాచిపెట్టకూడదు సుగుణా అన్నాడు. పిలుపు రాగానే ఉన్నానమ్మా అన్నాడు. ఇక ప్రతి సంతకీ అక్కడే, వానలో కూడా, తిండి మానేసి. ఏంటయ్యా ఇది అని కసిరితే, ఇన్నేళ్ళు ఎవరూ పలకలేదు, ఇప్పుడు నేనూ వదిలేసి వెళ్ళిపోతే ఎట్లా అంటాడు. అట్లాంటివాడికి ఏం చెబుతాం?

ఒక సంతరోజు నేను కాలీఫ్లవర్ బేరమాడుతూ అటు చూద్దును గదా, బోర్లా పడుకుని చెయ్యి లోపలికి చాచి, పట్టుకో తల్లీ, పట్టుకో అంటున్నాడు, అప్పటికే నడుం దాకా జారిపోయాడు. పరిగెత్తి కోటు పట్టుకుని లాగాను, ఆ బరువు ఒక మనిషిది కాదు. ఆ కంగారులో ఇంగ్లీషు ఎక్కడొస్తది?

"వదులు హన్నా, ఈయన్ని తీసుకుపోతే నీకు ఇంకెవరు పలుకుతారే" అని తెలుగులోనే అరిచాను.

బరువు తగ్గింది.

హెరాల్డ్ బతికాడు. కానీ ఎండిన బావిలో పెట్టిన ఆ చెయ్యి మోచేతి దాకా తడిసిపోయింది, పోయేదాకా ఆ తడి ఆరలేదు, ముసలివాళ్ళ హోములో ఆయనకి చొక్కాలు మార్చింది నేనే. "ముందు చెయ్యి వదిలింది ఆమే సుగుణా, నేను కాదు" అని ఏడ్చేవాడు.

ఇంత జరిగితే ఊరివాళ్ళేం చేశారు? మూత వేసి, పక్కన కూర్చోడానికి బెంచీ కూడా వేశారు. ఇక మీ ఇష్టం. కారు పెట్టుకోడానికి అక్కడే ఖాళీ ఉంటదని మాత్రం నాకు చెప్పకండి. ఎందుకు ఖాళీగా ఉంటదో చెప్పానుగా, ఇంకెక్కడన్నా పెట్టుకుని నడిచి రండి.