మిలిటరీ లారీకి మెట్లు

వరదలో జనాన్ని దాటించాలని, వేలంలో కొన్న పాత మిలిటరీ లారీకి ఆర్నెల్లు చాకిరీ చేసి, నరసరావుపేట మెకానిక్ ఆ పొద్దున పెళ్లాన్ని షెడ్డుకు పిలుచుకొచ్చాడు.

“చూడవే! పొగగొట్టం పైకెత్తా. వాగు నడుంలోతు వచ్చినా ఈ బండి ఆగదు. లోపల రెండు స్ట్రెచర్లు, మంచినీళ్ల ట్యాంకు, గ్యాసు పొయ్యి. పల్నాడంతా వెతికినా ఇట్టాంటిది దొరకదు.”

“చానా బాగుందయ్యా. ఎట్టా ఎక్కేది?”

“టైరు మీద కాలేసి, ఆ కడ్డీ పట్టుకుని ఒక్క ఎగురు ఎగరడమే.”

“చీర కట్టుకునా?”

“మిలిటరీవాళ్లు అట్టాగే ఎక్కుతారే.”

“వాగులో చిక్కుకునేది మిలిటరీవాళ్లా? పోయినేడు వాగు పొంగినప్పుడు నిండు చూలాలు మా చెల్లి ట్రాక్టరు ఎక్కలేకపోతే, నలుగురు మగాళ్లు మూటలాగా ఎత్తి పైనేశారు. ఆ సిగ్గు తల్చుకుని ఇప్పటికీ ఏడుస్తది.”

ఆ నలుగురిలో మెకానిక్ కూడా ఒకడు.

“దానికోసమేగా ఈ బండి చేసింది!”

“దానికోసమే చేశావు. అది ఎక్కలేకుండా చేశావు.”

అతను సుద్దముక్క తీసి లారీ పక్కన కూర్చున్నాడు.

“కాలెత్తు. కష్టం లేకుండా ఎంత లేస్తదో అంతే.”

“ఇదిగో.”

“ఇక్కడ గీస్తన్నా.”

“ఇంకాస్త కిందికి గీయి. నేను కడుపుతో లేనుగా.”

సాయంత్రానికి ఇనప మెట్లు అతికించాడు. ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి, ముందు సీట్లో కూర్చుని కొంగు సర్దుకుంది.

“ఇంకేమన్నా తక్కువుందా?”

“లేదు. ఇప్పుడు వెతుక్కోమను ఎవర్నైనా, పల్నాడంతా!”