గజ్జె కట్టిన సర్పంచు

కూచ్చోప్పా సతీషూ, ఆ నూలు కండెల బుట్ట రోంత పక్కకు జరిపి కూచ్చో. ఏమి, కదిరప్ప గురించి అడగనీకి వచ్చినావా? సచివాలయంలో నీకు ఇంగ పనేం ల్యాదా అబ్బా. సరేలే, వచ్చినావు కదా. ఈ ఏడు పంచాయతీ ప్లానులో కళలకని దుడ్లు పెడతాండారంట, దాంతో కదిరప్పకు సిమెంటు విగ్రహం చేపిస్తారంట, ఊరి మొగదల ఆర్చి కడతారంట. మా మగ్గాల సందంతా అదే మాట. పెట్టే ముందర ఆ మనిషి ఎట్లాటోడో కనుక్కుందామని నువ్వొకనివన్నా వచ్చినావు. మిగతావాళ్లకు ఆ మాత్రం కూడా తోచలే.

కదిరప్పన్న చెక్కభజన గురువు, చేతిలో చెక్కలు కొట్టుకుంటా పాడతా అడుగేసే ఆట. నాకు తోడబుట్టినోడు కాదు, పక్కింటి మనిషి, అన్నా అని పిలిచి పిలిచి అన్నే అయిపోయినాడు. పగలంతా మగ్గం, పొద్దుగూకితే బడి ముందర బయల్లో చెక్కలు. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఈడ ఎత్తుకుంటే ఆ చివరింట్లో సంగటి కెలికే ఆడమనిషి కూడా తలుపు కాడికి వస్తాండె. కోపం ముక్కు మింద. అడుగు తప్పినావంటే చేతిలో చెక్క ఇసిరేస్తాడు. పక్కన నిలబడి చూసి చూసి నేనూ అడుగేస్తాంటే నా మింద కూడా ఒగసారి ఇసిరినాడు, నేను తీసుకొని మల్ల ఆయన మిందికే ఇసిరినా. ఆపొద్దు నుంచి నాకు మర్యాద ఇచ్చినాడులే. పెనుకొండ పక్క పల్లెలోళ్లు, హిందూపురం పక్క పల్లెలోళ్లు పిలిస్తే పోయి, ఒక మండలం రోజులు ఆడే ఉండి, ఊరోళ్లు పెట్టింది తిని నేర్పిచ్చి వస్తాండె. ఒక ఊర్లో మూడు పూటలా ఊరిబిండి పచ్చడే వేసినారంట, ఇంటికొచ్చి మా వదిన ఊరిబిండి నూరితే గిన్నె బయట పెట్టినాడు. ఏం చెప్తాంటి? ఆఁ, నేర్పేది.

అప్పుడే మన పంచాయతీకి ఉత్సవాల గ్రాంటు అని మొదలైంది. సర్పంచు హిందూపురం పక్కనుంచి ఇల్లరికం వచ్చినోడు, మాట్లాడితే సగం కన్నడమే. చెడ్డోడు కాదు పాపం, ఫోటోల పిచ్చి. గ్రామసభలో కదిరప్పన్న లేసి ఒకటే అడిగినాడు, ఆ గ్రాంటులోంచి పిల్లోళ్లకు నేర్పే గురువుకు కూలి ఇయ్యండి, చెక్కలు గజ్జెలు కొనియ్యండి అని. సర్పంచు నవ్వి, స్టేజీ ఎక్కి ఆడితే ఇస్తాము గాని నేర్పేదానికి దుడ్లు యాడుండాయి గురువా, అట్లా రూలు ల్యాదు అన్న్యాడు. అన్నకు కోపమొచ్చింది. "ఆడేదానికి నీ దుడ్లు నాకెందుకప్పా, మేము ఊరకనే ఆడతాము. నేర్పేదానికి ఇయ్యి. నేను పోయిన మర్సునాడు ఈ ఊర్లో అడుగేసేవాడు ఉండాల" అన్న్యాడు. అందరూ ఇన్న్యారు. చాయ్ తాగి ఎవరిండ్లకు వాళ్లు పోయినారు.

ఆ పైన పంచాయతీ కొత్త బిల్డింగు ఓపెనింగు వచ్చింది. పెద్ద పెద్దోళ్లు వస్తారు, పది నిమిషాలు చెక్కభజన పెట్టు గురువా అని సర్పంచే ఇంటికొచ్చి బతిమాలినాడు. కదిరప్పన్న రోంతసేపు మగ్గం తొక్కుతానే ఉండి, సరే, కొత్త పిల్లోళ్లకు గజ్జెపూజ ఆ స్టేజీ మిందే చేస్తా అన్న్యాడు. గజ్జెపూజంటే నీకు తెల్దు కదా. నేర్చుకునే పిల్లోళ్లు మొదట వట్టి కాళ్లతోనే అడుగేస్తారు. ఆమైన ఒక మంచిరోజు చూసి, గజ్జెలు దీపం ముందర పెట్టి, గురువు వంగి ఒక్కొక్కరి కాళ్లకు కడతాడు. ఎవురు కడితే వాళ్లు ఆ బిడ్డకు పూచీ. బిడ్డ సొంతంగా పాట ఎత్తుకొని నలుగుర్ని ఆడించేదాకా కట్టినోళ్లే భారం మోయాల. నడమ ఇడిచిపెడితే రాముల గుళ్లో దీపం ముందర నిలబడేదానికి వాళ్లకు మొగం ఉండదు. మా అందరికీ తెలిసిన కట్టుబాటే ఇది. తెలియనోడు ఆ ఇల్లరికపాయన ఒక్కడే.

ఆపొద్దు స్టేజీ మింద నా కూతురు యశోద మొదట నిలబడింది. ఆడపిల్లకు చెక్కలేంటికి అని సందులో నన్ను శానామంది అన్న్యారులే, అన్న్యోళ్ల మొగాన నేను కూడా నాలుగు అన్న్యా. కదిరప్పన్న గజ్జెలు చేతికి తీసుకున్యాడు. అప్పుడు చూడాల, ఫోటోగ్రాఫరు ముందుకు రాంగానే సర్పంచు, రిబ్బను కత్తిరించినట్ల ఇది కూడా పెద్దమనిషి పనే అనుకున్యాడేమో, ఇట్లియ్యి గురువా నేను కడతా అని గజ్జెలు గుంజుకొని వంగినాడు. నేను ముందర్నే కూచ్చోనుంటి, అయ్యా వద్దు అని చెప్పొచ్చు. చెప్పలే. యాలకు చెప్పాల? కదిరప్పన్న కూడా చెప్పలే, రెండు చేతులు కట్టుకొని నిలబడినాడు. సర్పంచు రెండు కాళ్లకూ ముడేసి, ఫోటోకు నవ్వి లేసినాడు.

అన్న మైకు అందుకున్యాడు. ఊరి పెద్ద మన బిడ్డకు తన చేతుల్తో గజ్జె కట్టినాడు, కాబట్టి ఈ బిడ్డ నేర్చుకునేదాకా భారం ఆయనదే, రాములవారు చూస్తాండాడు, మనమంతా చూస్తాండాము అని చెప్పినాడు. జనం చప్పట్లు కొట్టినారు చూడు, షామియానా ఎగిరిపోతాదేమో అనుకున్యా. సర్పంచు దిగినాంక అన్నను పక్కకు పిలిచి, ఏందప్పా నన్నిట్ల ఇరికిస్తివి అన్న్యాడు. "నేను వంగమన్న్యానా? నువ్వే వంగితివి. వంగినోనివి మొయ్యి" అన్న్యాడు కదిరప్పన్న.

మోసినాడప్పా, ఆ మాట ఒప్పుకోవల్ల. ఇంట్లో పెండ్లాం, అత్త ఊరుకోల్యా, వాళ్లు ఈ ఊరోళ్లే కదా, కట్టుబాటు తెలుసు. మర్సటి గ్రామసభలోనే ప్లానులో రాపిచ్చినాడు, గురువుకు కూలి, చెక్కలు, గజ్జెలు, బడి బయల్లో ఒక లైటు. రూలు ల్యాదన్న మనిషే ఆఫీసుల చుట్టూ తిరిగి రూలు తెచ్చినాడు. కదిరప్పన్న ఉన్నన్నాళ్లు, ఆయన పోయినాంక శిష్యుడు రామాంజి నేర్పినన్నాళ్లు, అది జరిగింది. నా యశోద ఇప్పుడు పెనుకొండలో కోడలై ఆ వీధి ఆడోళ్లకు నేర్పిస్తాండాది. అన్న సచ్చినపొద్దు ముదిగుబ్బ నుంచి, ధర్మవరం నుంచి వచ్చిన శిష్యులతో రోడ్డు నిండింది. పాడె ముందర అంతమందీ ఒకే అడుగు. నేను ఏడ్చుకుంటానే అడుగేసినా, తప్పితే మల్ల చెక్క ఇసురుతాడేమో అని.

ఆమైన గెలిచి వచ్చినోళ్లు ప్లానులో ఆ లైను కొట్టేసి సాంస్కృతిక కార్యక్రమాలు అని పెట్టినారు, నేర్పేది నిలిచిపాయ. ఆ దుడ్లతో ఏం కొన్యారు? సౌండు బాక్సులు కొన్యారు, ఫ్లెక్సీలు కట్టినారు. పోయిన నెల రామాంజి సచ్చిపాయ. పాడె ముందర చెక్క పట్టేదానికి నలుగురు దొరకలే అబ్బా ఈ ఊర్లో. నేర్చినోళ్లు ఊరిడిచి పోయినారు, ఉన్నోళ్లకు మోకాళ్లు ల్యావు, పిల్లోళ్లకు అడుగు రాదు. మీ పంచాయతీ బాక్సే ఆటోలో పెట్టి, ఎప్పుడో రికార్డు చేసిన కదిరప్పన్న పాట ఏసుకుంటా తీసుకపోయినారు. పాట పోతాంది, దాని ఎనక మనుషులు ఊరికే నడుస్తాండారు. ఆపండిరా దాన్ని అని రోడ్డుకడ్డంగా నిలబడితి, ముసిల్దానికి మతి పోయింది అన్న్యారు.

ఇప్పుడు వచ్చి విగ్రహం అంటాండారు. ఊపిరున్నన్నాళ్లు ఆ మనిషి ఏమడిగినాడో అది ఎత్తేసినోళ్లకు, ఆయప్పకు సిమెంటు పోసే హక్కు యాడిది? నేను ఒప్పుకోను. గ్రామసభ పెట్టండి, కట్టె పట్టుకొనైనా వస్తా, ఆ చెక్క ఇసరడం నాకూ వచ్చు. నన్ను మోసేపొద్దు నాకు బాక్సు వద్దు, మనుషులు అడుగేయల్ల. ఈ ఏడు మొదలు పెడితేనే అప్పటికి వస్తాది, నాకు శానా టయిము ల్యాదు. తీ, ఆ ప్లాను కాగితం తీ, పెన్ను తీ. విగ్రహం కొట్టెయ్. ఆర్చి కూడా కొట్టెయ్. ఆ జాగాలో నేర్పే మనిషికి కూలి అని రాయి. రాసినావా? ఏదీ, చదువు. గట్టిగా చదువబ్బా, సందులో అందరికీ ఇనపడాల.