శనివారం తెల్లారి

"అమ్మమ్మా, హైదరాబాద్‌ల కూచొని నువ్వు సముద్రం మీది పడవలను ఎట్ల కనిపెట్టుకుంటున్నవ్? జర చెప్పరాదు, రికార్డు చేస్త."

చెప్త గని, ఆ ఫోను జర దూరం పెట్టు బిడ్డా. నోటికాడ పెడితే నాకు మాట రాదు. ఔ, గాడ పెట్టు.

ముప్పై నాలుగేండ్లు ఫోన్ల కాడ కూచున్నదాన్ని నేను. గీ ఆబిడ్స్‌లనే, ట్రంకు కాల్సు కలిపేది. నీకేం తెలుస్తది ట్రంకు కాల్ అంటే. బెజవాడకు మాట్లాడాలంటే మాకు నంబరు చెప్పి, ఇంట్ల కూచొని గంటసేపు ఎదురుచూడాలె. డ్యూటీ దిగి బయటికొస్తె ఇరానీ హోటల్ల చాయ్ ముప్పై పైసలు. కాదు కాదు, అది నేను కొత్తగ చేరినప్పుడు. మీ అమ్మ పుట్టేటాళ్ళకు రూపాయి అయింది. ఏం చెప్తున్న? ఆ, ఫోన్లు. మాకు ట్రైనింగ్‌ల గట్టిగ నేర్పింది ఒక్కటే. అవతలి మనిషి ఏది చెప్తె అది మల్ల నీ నోటితోని చెప్పాలె, వాళ్ళు ఔ అన్నంకనే రాసుకోవాలె. ఆ అలవాటు ఇంట్ల కూడ పోలే. మీ తాత నాంపల్లి కోర్టుల గుమస్తా గద, అన్నం తినుకుంట "ఉప్పు తక్కువైంది" అంటే, "ఉప్పు తక్కువైంది, ఔనా?" అంటుంటి. నవ్వెటోడు పాపం.

ఇగ కింది పోర్షన్ల సరోజమ్మ ఉన్నది గద, నీకు కారప్పూస పెడ్తది చూడు, ఆమెనే. వాళ్ళ నాయన యాభై ఆరుల బందరు దిక్కు నుంచి నౌకరి మీద వచ్చిండు. ఆమె పుట్టింది పెరిగింది గీ గన్‌ఫౌండ్రీ గల్లీల్నే గని, మాట మాత్రం ఇంకా వాళ్ళ నాయన మాటనే. ఆమె తమ్ముడు మల్ల ఆ దిక్కే పోయి ఉన్నడు, ఆయన కొడుకు రాంబాబు, సముద్రం ఒడ్డు ఊరు. గాడ పన్నెండు మంది జమైన్రు. జీతం లేదు ఏం లేదు. ఏ పడవన్న ఆపదల పడితే ఎదురువోయి తీస్కొస్తరు. చాపల వేటకు పోయేటోడు లైఫ్ జాకెట్ వేస్కోకుంటే ఒడ్డు కాన్నే నిలబడి లొల్లి పెడ్తరంట.

ఆ పిలగాడు రెండేండ్ల కింద సుల్తాన్ బజార్ల సీటీలు కొనేటందుకు వచ్చిండు. ఔ, సీటీలే, ఊదేటియి. నీళ్ళల్ల పడ్డోడు ఎంత అరిచినా ఇనబడదంట, సీటీ అయితే ఇనబడ్తదంట. ఒక్కో జాకెట్‌కు ఒక్కోటి కడ్తరు. నాకు గిది ఎంత బాగనిపించిందో. మెట్ల మీద కూచొని మేనత్తతోని అంటున్నడు, "పడవ వెళ్ళేటప్పుడు ఎప్పుడొచ్చేదీ చెప్పి వెళ్ళమంటున్నాం అత్తా. చెప్పిన టైముకి రాకపోతే మేం వెతకటానికి వెళ్తాం. కానీ ఆ ఫోనెత్తి రాసుకునే మనిషే లేరు, మేమంతా నీళ్ళ మీదే ఉంటాం గదా."

నేను పై నుంచి అన్న, "నేనెత్తుత గద." గంతే. నాకు అదొక్కటే వచ్చు.

అయితే బిడ్డా, నేను గప్పటిదాక సముద్రం చూడలే. ఇప్పటికి చూడలే. టాంక్‌బండ్ కాడ మీ తాత పడవెక్కుమంటే భయమై ఎక్కకపోతి. అందుకే ఫోన్ చేసినోళ్ళందర్ని అడిగేది. నీలంగ ఉంటదా? ఒడ్డున బురద రంగు, లోపటికి పోతేనే నీలం అన్నరు. చాపలు నిద్రపోతయా? లోపల సప్పుడు ఉంటదా? నవ్వుకుంటనే చెప్పెటోళ్ళు. పోటు అన్నరు ఒకసారి, నేను కడుపుల పోటు అనుకొని దవాఖానకు పొమ్మన్న. నీళ్ళు ఎక్కొచ్చుడంట పోటంటే. తెల్వని మాట ఒక్కటి ఇడిసిపెట్టలే నేను, అన్నీ అడిగి రాసుకున్న.

మొన్న ఎండాకాలంకు ముంగట, ఒక బుధారం, ఏడుకొండలు అని ఒకాయన ఫోన్ చేసిండు. నలుగురు పోతున్నరు. ఎప్పుడొస్తరయ్యా అంటే, "శనివారం తెల్లారి వచ్చేస్తామండి" అన్నడు. నేను మల్ల చెప్పిన, "శనివారం తెల్లారి, ఔనా?" "ఆ, శనివారం తెల్లారేనండి." బుక్కుల రాసుకున్న. ఏమని రాసుకున్న? ఆదివారం అని.

నవ్వకు. మన దిక్కు పండుగ తెల్లారి అంటే ఏంది? పండుగ మర్నాడు గద. పెండ్లి తెల్లారి అంటే పెండ్లి అయిన మర్నాడు గద. శనివారం తెల్లారి అంటే నాకు ఆదివారమే.

శనివారం పది గంటలకు ఆయన భార్య నాగమణి ఫోన్ చేసింది. "మా ఆయన ఇంకా రాలేదండి అమ్మగారూ." నేనేమన్న? "రేపు గదమ్మా వచ్చేది, నా బుక్కుల ఉన్నది, ఫికర్ చేయకు." "నాకు ఇవాళేనని చెప్పాడండి. మీకు రేపని చెప్పాడేమోలెండి" అని పెట్టేసింది. నా బుక్కు మీద భరోసతోని తన మొగుని మాట పక్కకు పెట్టింది, చూడు.

బుక్కు మల్ల తీసి చూసిన, ఆదివారమే ఉన్నది. నేను మల్ల చెప్పిచ్చుకున్న గద, తప్పెట్లయితది అనుకున్న. ఒంటిగంట ముంగట కరివేపాకు కోసమని కిందికి పోయిన. సరోజమ్మ మెత్తలకు కొత్త గలీబులు తొడుగుతున్నది. ఏందంటే, "మా అక్క వస్తోంది వదినా, మంగళవారం తెల్లారి రైలు దిగుతుంది నాంపల్లిలో" అన్నది. "అంటే బుధారమా?" అన్న నేను. "బుధవారమేంటి వదినా? మంగళవారమే. తెల్లారి ఐదింటికి."

ఏడుకొండలు చెప్పింది గూడ గదే తెల్లారి బిడ్డా. గాడనే మంచం మీద కూలబడ్డ. మూడు గంటలు. ఆమె పది గంటలకు చెప్తె నేను మూడు గంటలు మింగిన. రాంబాబుకు ఫోన్ చేసి, "పడవ రావాల్సింది ఇయ్యాల పొద్దుగాల, తప్పు నాది, బయలెల్లుండ్రి" అన్న. ఎనక నుంచి ఇంజను సప్పుడు ఇనొచ్చింది, ఫోను కట్టయింది.

ఇగ ఆ పగలు ఎట్ల గడిచిందో నాకే తెల్వదు. సరోజమ్మ అన్నం పెట్టింది, కలుపుకున్న, తినలే. ఇన్ని ప్రశ్నలు అడిగినదాన్ని, ఆ ఒక్క మాట ఎందుకు అడగలే? ఎందుకంటే అది నాకు తెల్సు అనుకున్న గదా. తెల్వని మాట అయితే అడుగుదును.

పొద్దుగూకే యాళ్ళకు ఫోనొచ్చింది. దొరికిన్రు. ఎవరిదో తెగిన వల ఇంజను ఫ్యాన్‌కు చుట్టుకున్నదంట, గాలి దక్షిణం దిక్కు గుంజుకపోయింది. తాగేటందుకు నీళ్ళు అయిపోయినయ్. అండ్ల పెద్దమనిషి ఒకాయన సోయి తప్పిండు, రెండు రోజులు దవాఖానల ఉన్నడు. నలుగురు బతికిన్రు. నేను ఏడ్చిన. ఎందుకు దాచాలె, బాగ ఏడ్చిన.

తెల్లారి, అగో మల్ల అంటున్న చూడు, ఆదివారం నాడు, నాగమణికి చెప్త అంటే రాంబాబు వద్దన్నడు. "మనుషులొచ్చేశారు కదా పెద్దమ్మా, ఇప్పుడెందుకు?" అన్నడు. ఎందుకంటే ఆమె తప్పుగ ఇన్నదని అనుకుంటది బిడ్డా. మొగుడు చెప్పింది తనకే సక్కగ ఇనబడలే అనుకుంటది జిందగీ అంత. చేసిన ఫోన్. మొత్తం చెప్పిన. నువ్వు ఇన్నదే సరి, నేనే తప్పు ఇన్న అన్న.

తిడ్తె తిట్టనీ అని ఫోను పట్టుకొనే కూచున్న. గప్పుడు అడిగింది, "మరి మా తెల్లారిని మీరేమంటారండి?"

"పొద్దుగాల అంటమమ్మా" అన్న. "పొద్దుగాల" అన్నది. మల్లొకసారి అన్నది, "పొద్దుగాల." గంతే, పెట్టేసింది.

ఇగ రాంబాబు కొత్త కాయిదా పెట్టిండు, రూలన్నట్టు. వారం, తారీకు, గడియారంల ఎన్ని గంటలు, మూడు చెప్పాలె. మంచిదే. పదిహేను రోజులు ఏడుకొండలు వేటకు పోలే. మల్ల వేటకు పోయిన దినం ఫోన్ మోగింది, ఎత్తిన. ఆయన కాదు, నాగమణి. "అమ్మగారూ, మా ఆయన శుక్రవారం పొద్దుగాల వస్తాడు, ఐదింటికి, రాసుకోండి" అన్నది. మన మాటనే, ఆమె నోట్ల నుంచి. నేను మల్ల చెప్పేటందుకు నోరు తెరిచేలోపట ఆమెనే రెండోసారి చెప్పింది.

చాలు ఇగ, బంద్ చెయ్ అది. దా, గీడ కూచో. నువ్వు సుత ఎన్నడన్న తప్పు ఇంటవు, అందరం ఇంటం. గా దినం నిన్ను తిట్టకుంట, మీరేమంటరు అని అడిగే మనిషి నీకు దొరకాలె తల్లీ...