వదిన గీసిన లావు అక్షరాలు

‘చినుకా చినుకా, చూరు దిగవే, చేతికి గాజులు నేనిస్తాలే...’ ఆ పైన ఏమిటో! చిన్నప్పటి పాట, ముక్కలే మిగిలాయి. అక్షరాలు దిద్దేటప్పుడు చెయ్యి వణక్కుండా ఇదే పాడుకునేదాన్ని. అది సరేగానీ, ఏమిటే, ఆ కంప్యూటర్లో అక్షరాలని అంత లావు చేశావు? అన్నిటికీ ఒకే కొలత గడి కూడానా? అచ్చం మా వదిన పనిలా ఉందే! ఏ వదినేమిటి, మా అన్నయ్య భార్య. నువ్వు పుట్టకముందే పోయింది. స్టేషన్లో బండ్ల పేర్లు చూపించే బోర్డుకి అక్షరాలు గీసింది ఆవిడే. అప్పటి బోర్డంటే టీవీలాంటిది కాదమ్మా. వరసగా గళ్ళు, గడికో రేకుల కట్ట, రేకుకో అక్షరం. బండి మారినప్పుడల్లా రేకులు టపటపా తిరిగి, కావలసిన అక్షరం దగ్గర ఆగేవి. గళ్ళన్నీ ఒకే వెడల్పు. మన అక్షరాలేమో ఒకటి బక్కపలచన, ఒకటి బానపొట్ట! ‘ర’ని పెడితే ఖాళీ ఇంట్లో ఒంటరి మనిషి. ‘ఘ’ని పెడితే గుమ్మంలో ఇరుక్కున్న బీరువా. దూరానికి ఆనాలి గనక లావు చెయ్యాలి, లావు చేస్తే లోపలి సందులు పూడిపోయి ఉత్త ముద్ద. వదిన భోజనాల బల్ల నిండా అట్టముక్కలు పరుచుకుని ‘ర’కి నడుము పెంచేది, ‘ఘ’కి లోపలి గీతలు మాత్రం సన్నం చేసేది. “అన్నం ఎక్కడ తినను, ‘ఘ’ మీదా?” అని అన్నయ్య విసుక్కుంటే, “ఒళ్ళో పెట్టుకు తినండి, ‘ఘ’ ఇంకా ఆరలేదు” అనేది. చెడిపోయిన ఆ అట్టలతోనే నా చదువు. నవ్వకు! పిల్లల్ని కన్నాక అక్షరాలు దిద్దినదాన్ని.

ఇంతకీ స్టేషన్ వాళ్ళ షరతేమిటంటే, మెట్ల వంతెన మీద నుంచి బోర్డు చదవగలగాలి. లేదంటే అక్షరాలే వద్దు, బండికో అంకె వేసి ఊరుకుంటాం అన్నారు. వదినకి నిద్ర పట్టేది కాదు. “తమ ఊరి పేరు చూసుకుని ఎక్కాల్సిన జనం అంకెలు బట్టీపట్టాలా?” అని ఒకటే గొణుగుడు. పరీక్ష రోజు నన్ను వెంటబెట్టుకెళ్ళింది. “బాగా చదివేవాళ్ళు సగం చూసి మిగతాది ఊహించేస్తారండీ. మా ఆడపడుచుకి ఊహించడం రాదు, ఉన్నదే చదువుతుంది” అని పెద్ద ఇంజనీరుతో చెప్పింది. పొగిడిందో తిట్టిందో నాకిప్పటికీ తెలీదు! ఆయన నవ్వి, “అయితే అర్థంలేని అక్షరాలే పెట్టిస్తా” అన్నాడు. నన్ను వంతెన ఎక్కించారు. రేకులు తిరిగి ఆగాయి. “ఘ! ర! య!” అని గొంతు చించుకుని అరిచాను. నాలుగోది ‘మ’ అన్నాను. ‘మ’కీ ‘య’కీ నాకు ఎప్పుడూ తికమకే, వదినకీ ఆ సంగతి తెలుసు. “సరిగ్గా చూడమ్మా, ‘మ’నా?” అని కింద నుంచి ఇంజనీరు. చూశాను. ఎవరి ఒళ్ళు వాళ్ళది, ఎవరి సందు వాళ్ళది, నీళ్ళు పోసి కడిగినట్టు విడివిడిగా ఉన్నాయే! “ముమ్మాటికీ ‘మ’నే!” అన్నా. కూలీలు బరువులు దించి మరీ చప్పట్లు కొట్టారు. వదినైతే, అంత మనిషి, చెప్పులు వదిలేసి ప్లాట్‌ఫాం మీద ఎగిరింది!

బోర్డు వేలాడదీశారు, ఏళ్ళ తరబడి ఉంది. స్టేషనుకి వెళ్ళినప్పుడల్లా పై వరస నుంచి కింది వరస దాకా బిగ్గరగా చదివేదాన్ని, సొంత పొలం చూసుకున్నట్టు. వదిన ఆఖరిసారి బండెక్కినప్పుడూ అంతే. ఆవిడ కిటికీ దగ్గర, నేను మెడ ఎత్తి బోర్డు కింద. బండి కదిలింది, నేనింకా చదువుతూనే ఉన్నా. కిటికీలోంచి ఒకటే కేక: “ఓసి పిచ్చిదానా, అది ఎక్కడికీ పోదే! నన్ను చూడు!”