సున్నాకి కింద

కరెంటు పోయి ఆగిన లిఫ్టులో తాత, మనవరాలు. పైన మెషిన్ గదిలో మెకానిక్. మధ్యన గోడకున్న స్పీకరు.

"పెద్దాయనా, ఏడవద్దని చెప్పండి పాపకి. లోపల బ్యాటరీ మీద ఎర్రగా అంకె వెలుగుతోందా?"

"వెలుగుతోంది నాయనా. రెండు."

"ఎక్కడికెళ్లాలి మీరు?"

"రెండుకే. దీని లెక్కల ట్యూషను."

"అయితే వచ్చేసినట్టే! రెండుకి కాస్త అటో ఇటో ఆగింది, అంతే. ఇక్కడ చక్రం ఉంది, చేత్తో తిప్పుతా. పైకైతే సులువు, తాడుకి అవతలున్న బరువే లాగుతుంది, మూడులో తలుపు తీస్తా."

"పైకొద్దు, పైకొద్దు. పైనుంచి పడతామని పిల్ల భయం. కిందికే దించు."

"కిందికంటే నా రెక్కలు పడిపోతాయి. సరే, పెద్దవారు అడిగారు. ఒకటి రాగానే చెప్పండి."

"తాతయ్యా, తాడు తెగిపోతుందా?"

"ఊరుకో. తెగదు. నీ పాఠం చెప్పు, వింటా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మూడో తరగతితో ఆపేసినవాణ్ణి, నాకు ఎక్కేట్టు చెప్పు."

"ఒకటి, రెండు, మూడు... ఇవి సహజ సంఖ్యలు. సున్నా చేరిస్తే పూర్ణాంకాలు. సున్నాకి కిందవి కూడా చేరిస్తే పూర్ణసంఖ్యలు."

"సున్నాకి కింద ఏముంటాయే? ఏమీ లేనిదానికన్నా తక్కువా?"

"ఉంటాయి తాతయ్యా. సగం, పావు లాంటి ముక్కలు కూడా కలిపితే అకరణీయాలు. అలా ముక్కలుగా రాయడానికి కుదరనివి కరణీయాలు. అన్నీ కలిపి వాస్తవ... కదులుతోంది! తాతయ్యా, కదులుతోంది!"

"కదలనీ. ఆ కిందవాటిని ఎట్లా రాస్తారు?"

"ముందు చిన్న గీత పెట్టి. మైనస్ రెండు, మైనస్ మూడు..."

"గీతా?"

"ఆఁ. ఏమైంది?"

"ఏం లేదు. ఏం లేదు. నా వీపెక్కు."

"నేనా? నీ నడుం విరుగుతుంది!"

"ఎక్కవే అంటే! కాళ్లు పైకి ముడుచుకో."

"పెద్దాయనా, ఒకటి వచ్చిందా?"

"లేదు నాయనా, నువ్వు కాస్త..."

"మూడు! అన్నా, మూడు వచ్చింది!"

"మూడేంటమ్మా? కిందికి దించుతుంటే పెరగడమేంటి? సరిగ్గా చూడు."

"మూడే. మూడే."

"పెద్దాయనా... ఎక్కేటప్పుడు బటన్ మీరే నొక్కారా?"

"నేనే. రెండున్నచోట నొక్కా. దాని ముందు గీత ఉంది. ఎవరో గీకారనుకున్నా."

"అయ్యయ్యో! అంకె ముందు గీత వెలగట్లేదు లోపల. బాగుచేయాలి, చేయాలి అనుకుంటూనే ఉన్నా... మీరు సెల్లార్లో ఉన్నారు! మూడో సెల్లార్ నిండా వాన నీళ్లు. పొద్దుటినుంచి తోడుతూనే ఉన్నారు!"

"అదే నేను చెప్పబోయింది. ఆపు. పైకి తిప్పు."

"ఆపా, ఆపా. తిప్పుతున్నా. లోపలికి వచ్చాయా?"

"తాతయ్యా, నీళ్లేంటి? ఈ చీకట్లో నాకేం కనపడట్లేదు."

"ఏం లేవమ్మా. మెడ గట్టిగా పట్టుకో."

"పెద్దాయనా, నిజం చెప్పండి. ఎంత దాకా వచ్చాయి?"

"దాని చెప్పులింకా తడవలేదు. తిప్పు నాయనా."