గోరంత గీత

"ఇదేం పెద్ద గొప్ప కాదనుకోండి," అంటూ మొదలెట్టాడు గీతలబ్బాయి. సర్క్యూట్ బోర్డుల మీద రాగి గీతలు ఎటెటు పోవాలో కంప్యూటర్లో గీసేది అతనే గనక ఆ పేరు. వర్క్‌షాపు వెనక టీ కొట్టు. పొట్టి బెంచీకి ఈ కొసన అతను, ఆ కొసన టెస్టింగ్ అమ్మాయి, ఎదురుగా బోర్లించిన డబ్బా మీద టంకం పెట్టే మావయ్య.

అమ్మాయి గ్లాసులో టీ చల్లారిపోతోంది. ఊరవతల కొత్త యూనిట్‌కి వెళ్తుందో, ఇక్కడే ఉంటుందో ఈ సాయంత్రమే చెప్పమన్నాడు మేనేజరు. ఒక్కరు ఉండమంటే ఉండిపోతుంది. ఆ ఒక్కరేమో "మీకో మాట చెప్పాలండీ" అని బయటికి పిలిచి, తీరా కూర్చున్నాక కోతలు కోస్తున్నాడు.

"ఆ ఈథర్నెట్ బోర్డుందే, నెట్ కేబులు పెట్టేది, దాని దీపం వెలగలేదు. అందరూ చేతులెత్తేశారు. నేను ఒక్క చూపు చూశాను, గీత లావుగా ఉంది. గీత లావుకీ దాని చివరున్న చిప్పుకీ పొత్తు కుదరకపోతే సిగ్నలు లోపలికి పోదు, గోడకి కొట్టిన బంతిలా వెనక్కొస్తుంది. ఇంపీడెన్స్ కుదరలేదంటాం మేం. బ్లేడు తీసి వెంట్రుకలో సగం గీరాను. మీటరా పాడా, చెవి ఆనించి విన్నాను!"

"సిగ్నలు వినబడుతుందా నాయనా?" అంది టీ పిన్ని, గ్లాసులు కడుగుతూ.

"నాకు వినబడుతుంది పిన్నీ! ఎవరో దూరంనించి పేరు పెట్టి పిలిచి, జవాబు రాక తిరిగెళ్ళిపోతున్నట్టు... ఎంత జాలేసిందో! మలుపు దగ్గర అలిసి చతికిలబడింది పాపం. ఆ మూల గుండ్రంగా చెక్కాను. లేచి పరిగెత్తింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పోయి చిప్పుకి గుద్దుకుంది," అన్నాడు మావయ్య.

"గుద్దుకోవడమా! పాలల్లో పంచదారలా కలిసిపోయింది. ఎంత బాగా కుదిరిందంటే, అడక్కముందే జవాబొచ్చేది. ఊళ్ళో ఫోను మోగకముందే అవతలివాళ్ళు 'సరే, ఉంటాను మరి' అని పెట్టేసేవాళ్ళు. అక్కడితో ఆగిందా? గీత అయిపోయినా సిగ్నలు ఆగలేదు. కిటికీలోంచి దూకి, మబ్బుల్ని తోసుకుంటూ పోయి పోయి చంద్రుడికి తగిలింది. తగిలితే వెనక్కి రావాలా? రాలేదు! చంద్రుడికీ కుదిర్చేశాను మరి. ఆ వేళ వెన్నెల ఆకుపచ్చగా కాసింది, అచ్చం బోర్డు దీపం రంగులో. వీధి వీధంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు మెల్లగా ఊగింది. పిట్టలు తెల్లారిందనుకోవాలో, కల కంటున్నామనుకోవాలో తెలీక, సగం పాట పాడి ఆపేశాయి."

అబద్ధమని అమ్మాయికి తెలుసు. తెలిసే కళ్ళు మూసుకుంది. ఆకుపచ్చ వెన్నెల చేతుల మీద చల్లగా పడ్డట్టే ఉంది. అందులో ఆ గొంతు వింటూ అలాగే ఉండిపోతే ఎంత బావుణ్ణో! లోపల మేనేజరు కుర్చీ జరిపిన చప్పుడుకి ఉలిక్కిపడి చెదిరింది ఆ కల.

"ఇంతకీ ఆ గీత ఎంత పొడుగండీ?" అంది.

అతను వేలి కొస చూపించాడు. "ఇంతండీ. గోరంత."

"గోరంత గీతకి ఏదీ కుదర్చక్కర్లేదండీ. సిగ్నలు వెనక్కొచ్చినా, వచ్చిందని తెలిసేలోపే సర్దుకుపోతుంది. ఎలా గీసినా నడుస్తుంది. ఆ దీపం ఎందుకు వెలగలేదంటే, మావయ్య ప్లస్సూ మైనస్సూ తిరగేసి అతికించాడు. నేనే తీసి సరిగ్గా పెట్టాను."

మావయ్యకి పొలమారింది. పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. గీతలబ్బాయి గాలి తీసిన బుడగలా చప్పబడిపోయాడు.

అమ్మాయి బెంచీ వంక చూసింది. ఇద్దరి మధ్యా జానెడు చోటు.

"దూరమైతే ఈ సర్దుబాట్లన్నీ కావాలి గానీ, ఇంత దగ్గరికి దేనికండీ? చెప్పాలన్న మాటేదో చెప్పెయ్యండి. ఎలా చెప్పినా చేరుతుంది."

అతను నేల చూస్తూ, "మీరు వెళ్తే... నాకు బాగోదండీ," అన్నాడు.

అమ్మాయి గ్లాసు అక్కడే పెట్టేసి, మేనేజరు గది వైపు దాదాపు పరుగే పెట్టింది.

"ఇది మాత్రం నమ్ముతాంరా అబ్బాయ్," అన్నాడు మావయ్య.